టీ కణాల్లో తలారులు: బర్క్‌లీ ల్యాబ్ నుంచి మన టాటా ఇన్‌స్టిట్యూట్ దాకా

ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లకు ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ డ్రిప్ గురించి మన ఇళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. పొద్దున ఎక్కించుకుని ఇంటికొస్తారు. రాత్రికో, మర్నాటికో జ్వరం, చలి, ఒళ్లంతా విరిచేసినట్టు నొప్పులు. రెండు మూడు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. కానీ ఆ మూడు రోజుల భయంతో "ఈ మందు అమ్మకు పడలేదు" అని తీర్మానించి, మరుసటి ఏడాది డ్రిప్ మానేసే కుటుంబాలు ఉన్నాయి. తర్వాత బాత్‌రూమ్‌లో కాలు జారితే తుంటి ఎముక విరుగుతుంది.

ఆ జ్వరం మందు పడక వచ్చింది కాదు. ఒంట్లో ఉండే ఒక రకం తెల్లరక్తకణాలు పొరపాటున "శత్రువు వచ్చాడు" అని కేకలు వేయడం వల్ల వచ్చింది. వీటి పేరు గామా-డెల్టా టీ కణాలు. వైద్య విద్యార్థుల పుస్తకాల్లో చాలాకాలం ఓ మూల చిన్న అక్షరాల్లో ఉండిపోయిన కణాలివి. వీటికీ, వీటి బంధువులకూ కలిపి శాస్త్రవేత్తలు 'అసంప్రదాయ టీ కణాలు' అని పేరు పెట్టారు. వీటి మీద పరిశోధనతోనే చదువు మొదలుపెట్టిన ఒక శాస్త్రవేత్త మన బెంగళూరులోనే ఉన్నారు. పాతకాపులు ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, బయోకెమిస్ట్రీ విభాగపు ప్రొఫెసర్ దీపాంకర్ నంది. ఆయన దారి వెంట నడిస్తే ఈ కణాల కథ సగం అర్థమవుతుంది.

ముందు మామూలు టీ కణాల సంగతి చూద్దాం. ఛాతీలో, గుండెకు కాస్త పైన థైమస్ అనే మెత్తటి గ్రంథి ఉంటుంది. టీ కణాలు తయారయ్యేది అక్కడే. పేరులోని టీ అక్షరం దానిదే. ఈ గ్రంథి ఎందుకుందో 1961 దాకా ఎవరికీ సరిగా తెలియదు. ఆ ఏడాది జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల్లో దాన్ని తీసేసి చూస్తే, అవి రోగాలను తట్టుకోలేకపోయాయి.

మామూలు టీ కణం పోలీసు ఇన్‌స్పెక్టరు లాంటిది. అర్జీ చేతికి అందందే కదలదు. మన కణాలు లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తాయి. ఆ పళ్లెంలో పరాయి ముక్క కనిపిస్తేనే టీ కణం పని మొదలుపెడుతుంది. ఈ పళ్లేలు మనిషి మనిషికీ వేరు. కిడ్నీ మార్పిడి ముందు "మ్యాచ్ అయిందా" అని అడిగేది వీటి గురించే. పైగా కొత్త క్రిమి ఎదురైనప్పుడు సరైన టీ కణం దొరికి, అది వేలల్లో పెరిగి రంగంలోకి దిగడానికి వారం రోజులైనా పడుతుంది.

ఆ వారం రోజులు కాపలా ఎవరిది? మన పల్లెల్లో తలారి ఉండేవాడు కదా (కన్నడ ఊళ్లలో తళవార అంటారు, మాట ఒకటే). అర్జీలు, కాగితాలు అతనికి అక్కర్లేదు. ఊళ్లోనే ఉంటాడు, అడుగుజాడ చూసి చెబుతాడు. అసంప్రదాయ టీ కణాల తీరు అదే. రక్తంలో తిరిగేవి తక్కువ. చర్మం, పేగు, ఊపిరితిత్తులు, కాలేయం లాంటి సరిహద్దుల్లో కాపురం ఉండేవే ఎక్కువ. ఇవి ప్రోటీన్ ముక్కల కోసం చూడవు. క్రిములు వదిలే కొవ్వు పదార్థాలు, విటమిన్ తయారీలో మిగిలే తునకలు, చిన్న చిన్న ఫాస్ఫేట్ అణువులు, ఇలాంటి జాడలే వీటికి గుర్తు. ఈ జాడలను చూపించే పళ్లేలు కూడా మనుషులందరిలో దాదాపు ఒకటే. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, క్యాన్సర్ దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

వీటిని కనిపెట్టిన తీరు తమాషాగా ఉంటుంది. 1980లలో టీ కణం తన శత్రువును దేనితో పట్టుకుంటుందన్నది పెద్ద ప్రశ్న. 1982లో టెక్సాస్‌లో జేమ్స్ అలిసన్ బృందం ఆ పరికరపు ప్రోటీన్‌ను గుర్తించింది. అందులో ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులున్నాయి. 1984లో బీటా జన్యువు దొరికింది. ఆల్ఫా కోసం వెతుకుతూ అమెరికాలోని ఎంఐటీలో సుసుము తొనెగావా బృందం ఇంకో జన్యువును పట్టింది. ఇదే ఆల్ఫా అనుకున్నారు. కొన్నాళ్లకే అసలు ఆల్ఫా బయటపడింది. మరి ముందు దొరికింది ఏమిటి? దానికి గామా అని పేరు పెట్టి పక్కన పెట్టారు. పని లేని జన్యువేమో అన్న అనుమానం ఉండగానే, 1986లో మైఖేల్ బ్రెన్నర్ బృందం మనిషి రక్తంలో గామాను నిజంగా ధరించి తిరిగే టీ కణాలను చూపించింది. గామాకు జంటైన డెల్టా జన్యువు మరుసటి ఏడాది దొరికింది. పెళ్లికి పిలవని చుట్టం అనుకున్నది ఇంటి మనిషే అని తేలిందన్నమాట.

అలిసన్ అప్పటికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి మారారు. ఈ కొత్త కణాలు ఒంట్లో ఎక్కడ ఉంటాయో వెతకడం ఆయన ల్యాబ్ చేపట్టిన పనుల్లో ఒకటి. 1988లో ఆ ల్యాబ్ ఒక వింత సంగతి బయటపెట్టింది. ఎలుక చర్మంలో చెట్టు కొమ్మల్లా చేతులు చాచుకుని కూర్చునే గామా-డెల్టా కణాలన్నీ దాదాపు ఒకే రకం రిసెప్టర్‌ను ధరించి ఉన్నాయి. మామూలు టీ కణాల్లో కోట్ల రకాలుంటే, ఇక్కడ అందరిదీ ఒకే యూనిఫాం. అంటే ఇవి ఎప్పుడో రాబోయే ఏదో ఒక క్రిమి కోసం ఎదురుచూడటం లేదు. పక్కనున్న చర్మకణాలు దెబ్బతింటే అవి చూపే గుర్తును కనిపెట్టుకుని ఉన్నాయి.

దీపాంకర్ నంది పీహెచ్‌డీ చేసింది ఆ ల్యాబ్‌లోనే. 1991లో ఆయన, అలిసన్ కలిసి జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో ఒక పరిశోధన ప్రచురించారు. ఆడ ఎలుక జననమార్గపు లోపలి పొరలో ఉండే టీ కణాలు ఎలాంటివి, వాటిమీద ఉన్న గామా-డెల్టా రిసెప్టర్లు ఏ రకానివి అన్నది ఆ పరిశోధన. వినడానికి మరీ చిన్న ప్రశ్నలా అనిపిస్తుంది. కానీ ఆ కాలంలో ప్రపంచంలో కొన్ని ల్యాబ్‌లు కలిసి వేస్తున్న పటంలో అదొక ముఖ్యమైన గడి. ఆ పటం చెప్పింది ఏమిటంటే, పిండం కడుపులో ఉండగానే థైమస్ నుంచి గామా-డెల్టా కణాలు తడవలు తడవలుగా బయల్దేరతాయి. మొదటి తడవ చర్మానికి, తర్వాతి తడవ నాలుకకూ జననమార్గానికీ వెళ్లి స్థిరపడతాయి. ఎవరి పొలిమేర వారిది. ఇంత పక్కాగా ముందే పంపకాలు జరిగిపోయిన వ్యవస్థను 'మినహాయింపు' అని ఎలా అనుకున్నారో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది.

ఇదంతా మనకెందుకు అంటారా? షుగరున్న ఇంట్లో మానని పుండు ఎంత బాధపెడుతుందో వేరే చెప్పక్కర్లేదు. అలిసన్ ల్యాబ్‌లోనే పనిచేసిన వెండీ హావ్రన్ 2002లో చూపించింది ఏమిటంటే, ఎలుక చర్మంలో గాయమైతే ఈ గామా-డెల్టా కణాలే చర్మం పెరగడానికి అవసరమైన పదార్థాన్ని వదులుతాయి. అవి లేని ఎలుకల్లో గాయం మానడం ఆలస్యమవుతుంది. మనిషి చర్మంలో కూడా టీ కణాలు ఇలాంటి పనే చేస్తాయనీ, దీర్ఘకాలం మానని పుండ్లలో అవి ఆ పని మానుకుని ఉంటాయనీ 2009లో ఆమె బృందమే చూపించింది. రోగనిరోధక కణం అంటే తుపాకీ పట్టినవాడే అనుకుంటాం. ఇక్కడ తాపీ పట్టుకున్న మేస్త్రీ కూడా వాడే.

ఇప్పుడు డ్రిప్ జ్వరం సంగతికి వద్దాం. మనిషి రక్తంలోని టీ కణాల్లో గామా-డెల్టా రకం మామూలుగా నూటికి ఒకటి నుంచి అయిదు దాకా ఉంటుంది. వాటిలో ఎక్కువ భాగం ఒక ప్రత్యేక ఉపజాతి. క్షయ క్రిమి, మలేరియా క్రిమి లాంటివి తమ ఒంట్లో కొవ్వు పదార్థాలను తయారు చేసుకునేటప్పుడు పుట్టే ఒక చిన్న ఫాస్ఫేట్ అణువు వీటికి గంట కొట్టినట్టు వినిపిస్తుంది. మన కణాల్లోనూ కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో అలాంటి అణువే ఒకటి పుడుతుంది, కానీ పుట్టినది పుట్టినట్టు ఖర్చైపోతుంది కాబట్టి గంట మోగదు. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకను తినేసే కణాలను ఆపేది సరిగ్గా ఈ దారిని మధ్యలో మూసేసే. మూసేసరికి పైనున్న అణువు కాలవకు అడ్డం పడ్డట్టు పేరుకుపోతుంది. తలారి దాన్ని చూసి క్షయో మలేరియానో వచ్చిందనుకుని కేక వేస్తాడు. ఇలాంటి మందు తీసుకుని జ్వరం వచ్చిన రోగుల రక్తంలో గామా-డెల్టా కణాలు పెరిగాయని 1999లో జర్మనీ వైద్యులు గమనించడంతో ఈ ముడి విప్పడం మొదలైంది.

2007లో వెలువడిన పెద్ద పరీక్షలో, 7,700 మందికి పైగా స్త్రీలు పాల్గొన్నదానిలో, మొదటి డ్రిప్ తర్వాత ఇలాంటి జ్వరం, నొప్పులు సుమారు ముగ్గురిలో ఒకరికి వచ్చాయి. రెండో ఏడాది నూటికి ఏడుగురికి మాత్రమే. మూడో ఏడాది ఇంకా తక్కువ. కాబట్టి మొదటిసారి జ్వరం చూసి మందు మానేయడం కంటే, డాక్టరుతో ముందే మాట్లాడి పారాసిటమాల్, నీళ్లు సిద్ధంగా ఉంచుకోవడం మేలు. జ్వరం మూడు రోజులు దాటినా, ఊపిరాడకపోయినా, దవడ నొప్పి పెట్టినా మాత్రం అది వేరే లెక్క; వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఈ కుటుంబంలో రెండో శాఖ మెయిట్ కణాలు. రక్తంలోని టీ కణాల్లో నూటికి ఒకటి నుంచి పది దాకా ఉండే ఇవి కాలేయంలో ఇంకా ఎక్కువ. ఇవి దేన్ని పట్టుకుంటాయన్నది చాలా ఏళ్లు చిక్కుముడిగా ఉంది. 2012లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు జవాబు కనుక్కున్నారు: బి2 విటమిన్ జాడను. బాక్టీరియా బి2ను తామే తయారు చేసుకుంటాయి, మనం చేసుకోలేం. అంటే ఆ తయారీలో మధ్యలో పుట్టే తునక ఒంట్లో ఎక్కడ కనిపించినా, అక్కడ బాక్టీరియా ఉన్నట్టే. పొయ్యి మన ఇంట్లో లేనప్పుడు పొగ వస్తే ఎవరో దూరారని అర్థం కదా! ఆ తునకను వాళ్లు మొదట పట్టుకున్నది సాల్మొనెల్లా బాక్టీరియా పెరిగిన ద్రవంలోంచి. టైఫాయిడ్ కుటుంబానికి చెందిన క్రిమి ఇది. ఇది చదివి బి2 మాత్రలు మింగితే రోగనిరోధక శక్తి పెరుగుతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. మెయిట్ కణాలు పసిగట్టేది బాక్టీరియా వంటింట్లోని సగం ఉడికిన సరుకును. మాత్రలో ఉండేది వడ్డించిన వంటకం.

మూడో శాఖ ఎన్‌కేటీ కణాలు. వీటిని గట్టిగా ప్రేరేపించే కొవ్వు పదార్థం మొదట జపాన్‌లో ఒక సముద్రపు స్పాంజిలో దొరికింది, అంతకన్నా ఇక్కడ విస్తరించను. ఇంకో ముచ్చట మాత్రం చెప్పకుండా ఉండలేను. 2003లో అమెరికాలో కొద్దిమందితో చేసిన చిన్న ప్రయోగంలో, కొన్ని వారాలు రోజూ టీ తాగినవాళ్ల గామా-డెల్టా కణాలు చురుగ్గా స్పందించాయి, కాఫీ తాగినవాళ్లవి స్పందించలేదు. ఫిల్టర్ కాఫీ ఇళ్లవాళ్లు కంగారు పడక్కర్లేదు. అంత చిన్న ప్రయోగం మీద డికాక్షన్ పారబోయాల్సిన పనిలేదు. మన గోశాలల్లోని లేగదూడలు ఏ టీ తాగకుండానే మనల్ని మించిపోయాయి. వాటి రక్తంలోని టీ కణాల్లో గామా-డెల్టా వాటా సగానికి కూడా చేరుతుంది.

క్షయ దగ్గర ఈ శాఖలన్నీ కలుస్తాయి. క్షయ క్రిమి వదిలే ఫాస్ఫేట్ అణువుకు గామా-డెల్టా కణాలు లేస్తాయి, దాని బి2 తునకలకు మెయిట్ కణాలు లేస్తాయి. క్షయ సోకినవాళ్ల రక్తంలో మెయిట్ కణాల సంఖ్య తగ్గుతుందని 2010 నుంచి అధ్యయనాలు చెబుతున్నాయి. రక్తం వదిలి ఊపిరితిత్తుల వైపు వెళ్తాయని ఒక వివరణ. ప్రపంచంలో క్షయ రోగులు అందరికంటే ఎక్కువున్న దేశం మనది. అలాంటి దేశంలో ఈ కణాలను పుస్తకాల అడుగున వదిలేయడం మనకు తగదు.

దీపాంకర్ నంది బర్క్‌లీ తర్వాత సిన్సినాటిలో జాన్ మొనాకో దగ్గర చేరారు. అక్కడి పని ఇందాక చెప్పుకున్న పళ్లెం గురించి: ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం, ప్రోటియాజోమ్. ఒంట్లో ఇంటర్‌ఫెరాన్-గామా అనే హెచ్చరిక మోగినప్పుడు ఆ యంత్రంలో కొన్ని భాగాలు మారతాయి. అలా మారే మూడో భాగం ఏదో 1996లో వాళ్లు గుర్తించారు. అంటే మొదట పళ్లెం అవసరం లేని కణాలను చదివారు, తర్వాత పళ్లెంలోకి ముక్కలు ఎలా వస్తాయో చదివారు.

బెంగళూరు వచ్చాక ఆయన ల్యాబ్ అసంప్రదాయ కణాలకే అంటిపెట్టుకుని లేదు. ఇంటర్‌ఫెరాన్-గామా, నైట్రిక్ ఆక్సైడ్ లాంటి హెచ్చరికలు కణాలను ఏం చేస్తాయన్నది వాళ్ల ప్రధాన పని. అందులో నాకు ముఖ్యంగా తోచింది థైమస్ మీద చేసింది. అన్ని రకాల టీ కణాలకూ పుట్టిల్లు అదే కదా. ఎలుకలకు సాల్మొనెల్లా ఇస్తే వాటి థైమస్ కుంచించుకుపోతుంది. ఎందుకు? 2013లో ఆ ల్యాబ్ ప్రచురించిన జవాబు ఇది: ఒంట్లో పుట్టే స్టెరాయిడ్ హార్మోన్లు ఒకవైపు, ఇంటర్‌ఫెరాన్-గామా ఒకవైపు, రెండూ కలిసి థైమస్‌లో సగం శిక్షణలో ఉన్న కణాలను చంపుతాయి. క్రిమితో పోరాడమని పంపిన హెచ్చరికే కొత్త సిపాయిల బడిని మూసేస్తోంది. 2017లో అదే ల్యాబ్ ఇంకాస్త లోతుకు వెళ్లి, థైమస్‌లోని అన్ని కణాలూ ఒకేలా చావవనీ, శిక్షణ ఏ దశలో ఉందన్నదాన్ని బట్టి తేడా ఉంటుందనీ చూపింది. ఇవి ఎలుకల్లో తేలిన సంగతులు. అయినా పోషకాహార లోపంతోనూ తీవ్రమైన జబ్బులతోనూ పిల్లల్లో థైమస్ చిక్కిపోతుందన్నది వైద్యులకు పాత సంగతే కాబట్టి, ఈ ప్రశ్న ల్యాబ్ గోడల మధ్యే ఆగిపోయేది కాదు.

గురువు అలిసన్ కూడా గామా-డెల్టా దగ్గర ఆగలేదు. టీ కణానికి బ్రేకు లాంటి సీటీఎల్‌ఏ-4ను అడ్డుకుంటే ఎలుకల్లో గడ్డలు కరుగుతాయని 1996లో చూపించారు, 2011లో అది క్యాన్సర్ మందుగా అమెరికాలో ఆమోదం పొందింది, 2018లో తసుకు హోంజోతో కలిసి నోబెల్ అందుకున్నారు. ఎలుక చర్మంలో ఏ కణాలున్నాయని కుతూహలంతో వెతికిన ల్యాబ్, క్యాన్సర్ బ్రేకు కనిపెట్టిన ల్యాబ్, రెండూ ఒకటే. గ్రాంటు అడిగినప్పుడల్లా "దీనివల్ల ఉపయోగమేమిటి" అని మొదటి పేజీలోనే రాయమనే మన అధికారులు ఈ వరుసను ఒకసారి చూడాలి.

క్యాన్సర్ చికిత్సలో అసంప్రదాయ కణాల మీద ఆశ ఎందుకో ఇప్పుడు తేలిగ్గా చెప్పొచ్చు. మన దేశంలో 2023లో ఆమోదం పొందిన కార్-టీ చికిత్సకు రోగి సొంత టీ కణాలనే తీసి, ల్యాబ్‌లో మార్చి, తిరిగి ఎక్కించాలి. మన ఊళ్లో బొమ్మసంద్ర నారాయణ హెల్త్ సిటీలో ఉన్న ఇమ్యూనీల్ సంస్థ చేసేదీ ఇలాంటి చికిత్సే. వేరేవారి టీ కణాలు ఎక్కిస్తే అవి రోగి పళ్లేలను పరాయివిగా చూసి ఒంటిమీదే దాడి చేస్తాయి. అసంప్రదాయ కణాలకు ఆ పళ్లేలతో పనిలేదు. కాబట్టి ఆరోగ్యవంతుడైన దాత కణాలను ముందే సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టి, అవసరమైనప్పుడు ఎవరికైనా ఇవ్వొచ్చన్నది ఆలోచన. బ్లడ్ బ్యాంకు పద్ధతి. ఖర్చు తగ్గుతుంది, వారాల నిరీక్షణ తప్పుతుంది. కానీ ఇది ఇంకా పరీక్షల దశలోనే ఉంది. ఎక్కించిన కణాలు ఒంట్లో ఎక్కువకాలం నిలవకపోవడం పెద్ద చిక్కు.

ఈ మధ్య క్యాన్సర్ రోగుల ఇళ్లకు "ఇమ్యూన్ సెల్ థెరపీ" పేరుతో లక్షల ప్యాకేజీలు చెప్పే ఫోన్లు వస్తున్నాయి. అలాంటి ఫోను వస్తే ముందు మీ ఆంకాలజిస్టుకు చెప్పండి. ఫోను చేసినవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. ఇది ఆమోదం పొందిన చికిత్స అయితే, ఆ ఆమోదపు కాగితం ఏది? పరీక్ష అయితే, క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియాలో దాని నంబరు ఎంత? నంబరు చెబితే ఆ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. ఏ ఆసుపత్రి, ఏ జబ్బుకు, ఎంతమంది మీద అన్నీ అక్కడ ఉంటాయి. నంబరు చెప్పకుండా అడ్వాన్సు అడిగితే ఫోను పెట్టేయండి.